జమ్ముగడ్డి, జమ్ముపిట్ట, తవిటమ్మ ఉప్పు కుప్ప

కోపం వస్తే కొందరు మాట మానేస్తారు, కొందరు భోజనం మానేస్తారు. నేను రైలు టికెట్టు కొన్నాను.

మా అనంతపురంలో పక్షులంటే ఇష్టపడేవారు నెలకొకసారి కూడుతుంటారు. గ్రంథాలయంలో ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి ఆ సభల వివరాలు రాసిపెట్టే బాధ్యత నాది. ఈ వేసవిలో ఒక సభలో వక్తగారు తెరమీద గోధుమరంగు పిట్ట బొమ్మ ఒకటి చూపించి, "జమ్ములో గూడు కట్టే ఈ గాయకపక్షి అమూల్యమైనది. దాని చుట్టూ ఉన్న జమ్ముగడ్డి మాత్రం చెరువులను మింగే కలుపు" అని సెలవిచ్చారు. మనిషి అమూల్యమైతే ఆ మనిషి ఉండే ఇల్లు కలుపెలా అవుతుందని లేచి అడిగాను. "అమ్మా, ఆ పిట్టను జమ్ములో మీరెప్పుడైనా చూశారా?" అని ఆయన చిరునవ్వుతో అడిగారు. చూడలేదన్నాను. సభ నవ్వింది. ఆ నవ్వును కూడా నియమం తప్పకుండా సభా వివరాల్లో చేర్చి, ఇంటికి వచ్చి, కొత్త నోటుపుస్తకం తెరిచాను. ఎడమ పుటలో గడ్డి, కుడి పుటలో పిట్ట. రెండింటినీ కళ్లారా చూసి, ఒకదానికి ఒక వాక్యం రాస్తే రెండోదానికీ ఒక వాక్యం రాయాలన్నది నేను పెట్టుకున్న నియమం.

మా వైపు చెరువుల్లో జమ్ము లేకపోలేదు. నీరే అరుదు. ఒకప్పుడు మా ఊరి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి సొంత ఊరు టెక్కలి చేరుకున్న రత్నమణి ఫోనులో, "మా సముద్రం పక్క జమ్ములో ఒక పిట్ట ఉందక్కా, తెల్లారగానే తగువులాడినట్టు అరుస్తాది. అదేనేమో సూడండి" అన్నది. అంతే, బయలుదేరాను.

పలాస

ఈ ఊరు ముందు ముక్కుకు తెలుస్తుంది. రైలు దిగీ దిగకముందే జీడిగింజలు కాలుస్తున్న వాసన, నూనె పొగతో కలిసి, గొంతులో కూర్చుంటుంది. మా ఊళ్లో వేరుశనగ వాసన ఆకలి పుట్టిస్తుంది. ఇది మొదట దగ్గు పుట్టించి, తరువాత ఆకలి పుట్టిస్తుంది. దుకాణాల ముందు బుట్టల్లో గుండ్లు, బద్దలు, ముక్కలు, నూక అని వరుసగా వేరుచేసి పెట్టారు. ఒకే గింజను ఇన్ని తరగతులుగా విభజించిన ఊరిని గ్రంథాలయంలో పనిచేసిన మనిషి గౌరవించక తప్పదు. నేను బద్దలు కొన్నాను. గుండ్ల ధర విన్న తరువాత బద్దలే రుచిగా ఉంటాయని నిశ్చయించుకున్నాను.

స్టేషను బయట నాకు దొరికిన ఆటోవాడి పేరు ఢిల్లేశ్వరరావు. ఆ పేరుకూ ఢిల్లీకీ సంబంధమేమిటని అడిగితే, "మా ఊర్లో ఈ పేరుతో ఏడుగురున్నారు మామ్మా. ఒక్కడు కూడా రాజమండ్రి దాటలేదు" అన్నాడు. పిట్టను చూడటానికి వచ్చానని చెప్పగానే నాలుక కరచుకున్నాడు.

"అయ్యో! కొంగలు ఎల్లిపోనాయి కదా మామ్మా. తేలినీలాపురం పెద్ద కొంగలు. ఎండలు ముదిరితే ఉండవవి. మళ్లీ వానలయినాక రావాల మీరు."

"నేను వచ్చింది కొంగల కోసం కాదు. నా పిడికిలంత పిట్ట కోసం."

"పిడికిలంత పిట్ట కోసం అనంతపురం నుంచా!" అని, అద్దంలో నన్ను మరొకసారి చూసుకున్నాడు. నేను కలుసుకున్నవారంతా ఇదే ధోరణి. పెద్ద రెక్కలుంటేనే పక్షి అన్న ఈ లెక్క ఎక్కడిదో నాకు అర్థం కాదు. గోధుమరంగులో చిన్నగా పుట్టడం నేరమా?

ఉద్దానం

టెక్కలి వెళ్లే దారి అది కాకపోయినా, ఢిల్లేశ్వరరావు నన్ను ముందు ఉద్దానం తీసుకువెళ్లాడు. అత్తవారింట్లో ఏదో ఇవ్వవలసిన పని ఉందట. నేను అభ్యంతరం చెప్పడానికి నోరు తెరిచేలోపు కొబ్బరితోటలు వచ్చేశాయి, నోరు మూసుకున్నాను. నీడ అంటే మా ఊళ్లో చెట్టు కింద ఉండేది. ఇక్కడ నీడలోనే ఊళ్లున్నాయి. కొబ్బరి కింద పనస, పనస పక్కన జీడి, జీడి కింద మనుషులు మంచాలు వేసుకుని కూర్చున్నారు. జీడిచెట్లు కొన్నింటికి మొదళ్ల దగ్గర పాత గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. దిష్టికి కట్టి ఉంటారని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎవరినీ అడగకుండా ఏదీ రాయను నేను. ఆ ఒక్క వాక్యం మాత్రం అడగకుండా రాశాను.

ఢిల్లేశ్వరరావు అత్తగారు పనసతొనలు ఆకులో పెట్టి ఇచ్చింది. దాహమని పెరట్లోని బావి వైపు చూశాను. ఆమె చటుక్కున అడ్డు వచ్చింది.

"మా నూతి నీల్లు మీకొద్దమ్మా" అని, లోపలినుంచి కొన్న నీళ్ల డబ్బా తెచ్చి గ్లాసు నింపింది. ఇంట్లో ఆమె భర్త ఆ రోజు లేడు. కిడ్నీ జబ్బుకు డయాలసిస్ రోజట, పలాస వెళ్లాడు. ఆ జబ్బు బావి నీళ్లవల్లేనని ఊరంతటికీ అనుమానం. ఆ మాట ఆమె, మనం సంతకు వెళ్లాడని చెప్పినట్టు చెప్పింది. మా సీమలో బావి ఎండిపోతే మనిషి ఊరు విడిచి వెళతాడు. ఇక్కడ బావి నిండుగా ఉండగా డబ్బా నీళ్లు కొంటున్నారు. ఏది ఎక్కువ అన్యాయమో నేను తూచలేను. తమకు కొనుక్కున్న నీళ్లలోంచి ముక్కూముఖం తెలియని నాకు రెండు గ్లాసులు ఇచ్చిన ఆ తల్లికి మాత్రం ఇక్కడ నమస్కరిస్తున్నాను.

టెక్కలి

రత్నమణి ఇల్లు ఊరి చివర. పెరట్లో రెండు కొబ్బరిచెట్లు, వసారాలో ఒక ఊయల బల్ల. ఆదివారాలు చర్చిలో పాటలు నడిపించేది ఆమే కాబట్టి మాట్లాడేటప్పుడు కూడా శ్రుతి తప్పదు. రాత్రి చోడి అంబలి పోసింది. చోళ్లంటే మన రాగులే. మేము రాగులను ముద్ద చేసి పిడికిలితో నిలబెడతాం, వీరు పలుచగా చేసి తాగుతారు. "మీది నమలక్కర్లేదు, మింగాలి. మాది మింగక్కర్లేదు, జారిపోతాది" అని ఆమె తీర్పు చెప్పింది. పక్కన నంచుకోవడానికి ఉల్లిపాయ, కాల్చిన ఎండు చేప. నాకు చేప అలవాటు లేదు. ఆమె నొచ్చుకోలేదు, ఉల్లిపాయ రెండోది కోసింది.

తంపర

నీరు నిలిచే పల్లపు నేలను ఇక్కడ తంపర అంటారు. సంతబొమ్మాళి వైపు వెళ్లే దారిలో, మూలపేట రేవుకు రాళ్లు మోసుకుపోయే లారీల దుమ్ము దాటాక, ఒక పక్క తెల్లని ఉప్పుమడులు, ఇంకొక పక్క పచ్చని జమ్ము. రెండింటి నడుమ ఒక మట్టి గట్టు. గట్టుకు ఇటు తీపి నీరు, అటు ఉప్పు నీరు. తెల్లవారగానే ఢిల్లేశ్వరరావు నన్ను అక్కడ దింపి, ఆటోలోనే నిద్రపోయాడు.

ముందు గొంతు వినిపించింది. రత్నమణి సరిగ్గానే చెప్పింది. అది పాట కాదు, వాదన. కర్రమీద కర్ర గీసినట్టు రెండు మాటలు, వెంటనే తియ్యని ఒక మాట, మళ్లీ గీత. నాకు ఆ స్వభావం చాలా దగ్గరిదిగా తోచింది. చాలాసేపటికి పిట్ట కనిపించింది. రెండు కాళ్లతో రెండు వేరువేరు జమ్ము కాడలు పట్టుకుని, గాలికి కాడలు దూరమైతే కాళ్లు చాపి, దగ్గరైతే ముడిచి, అరుపు మాత్రం ఆపకుండా.

రెండు పుటలూ ఆ పొద్దున నిండటం మొదలైంది. జమ్ము అసలు గడ్డి కుటుంబానికి చెందదని వృక్షశాస్త్రం అంటుంది. ఊరంతా గడ్డి అంటోంది కాబట్టి నేనూ గడ్డి అనే రాశాను. జమ్ము నిలువెత్తు కత్తిలాగా నిలబడి ఒక్క మాట మాట్లాడదు. పిట్ట జానెడు కూడా లేదు, నోరు మూయదు. జమ్ము బురదలో వేళ్లు పాకించి, ఒక్కచోటి నుంచి నూరు కాడలై లేస్తుంది. పిట్టకు తన కాలు పట్టిన రెండు కాడలే నేల. ఎండిన జమ్ము ఆకు రంగు ఏదో పిట్ట వీపు రంగు అదే. ఇంతవరకూ ఇద్దరూ సమానంగానే వచ్చారు. తరువాత వాక్యం దగ్గర తక్కెడ ఒరిగింది. పిట్ట లేకపోయినా జమ్ము పెరుగుతుంది. జమ్ము లేకపోతే పిట్టకు గూడు లేదు. వక్తగారు దేన్ని కలుపన్నారో ఆ కలుపే దాతగా తేలింది.

దూరాన ఒక మనిషి మోకాటి లోతు నీటిలో జమ్ము కోస్తోంది. పేరు తవిటమ్మ. నడివయసు, బిగించి కట్టిన చీర, నోట్లో చుట్ట. చుట్ట నిప్పు ఉన్న కొస నోటి లోపల, ఆరిన కొస బయట. దాన్ని ఇక్కడ అడ్డపొగ అంటారు. మా వైపు ఆడవాళ్లు ఆకువక్క నములుతారు గాని నిప్పు నమలరు.

"ఈ గడ్డి ఎందుకమ్మా?" అని అడిగాను.

ఆమె కొడవలితో గట్టు అవతల చూపించింది. ఉప్పుమడుల మధ్య ఇంటి కప్పంత ఎత్తున ఒక ఉప్పు కుప్ప. దాని మీద సగం వరకు జమ్ము పరిచి ఉంది. "వానలొచ్చీలోపల కప్పీయాల మామ్మా. శివరాత్రి ఎల్లిన కాడ్నించి మడిలో కాల్లు కాల్సుకుని తీసినాం అది. ఒక్క పెద్ద వాన పడితే సాలు, పాయసంలో పంచదారలాగ అయిపోద్ది."

"టార్పాలిన్ కప్పకూడదా?"

"కప్పితే సెమటోత్తాది ఉప్పు. గడ్డయితే ఊపిరి ఆడతాది."

కొండల వైపు మబ్బు ఉందేమోనని ఆమె మాటిమాటికీ పడమర చూస్తోంది. నేను మాత్రం పిట్ట వైపే చూస్తున్నాను. అది నోటిలో పురుగుతో ఒక గుబురులోకి వెళ్లి ఖాళీ నోటితో వస్తోంది. మరునాటి పొద్దున తవిటమ్మ రాకముందే ఆ గుబురులోకి దిగాను. నాలుగు కాడలను కలిపి, జమ్ము ఆకు చీలికలతోనే అల్లి, జమ్ము కంకి దూదినే లోపల పరిచిన లోతైన గూడు. అందులో మూడు పిల్లలు. రెక్కల మీద ఈకలు ఇంకా గొట్టాల్లోంచి విప్పుకోలేదు. ఆ గుబురే తంపర మొత్తంలో ఏపుగా పెరిగిన జమ్ము. కొడవలి అక్కడికి రావడానికి ఎంతో సమయం పట్టదు.

నా దగ్గర ఉన్న పాత చీర అంచు నాలుగు పీలికలుగా చింపి, గుబురు నాలుగు వైపులా కట్టాను. తవిటమ్మ వస్తే చెబుదామనుకున్నాను. ఆ రోజు ఆమె ఉప్పు కుప్ప దగ్గరే ఉండిపోయింది. ఎండ నెత్తికెక్కింది, నేను టెక్కలి చేరి హాయిగా నిద్రపోయాను.

గుడ్డ

తరువాతి పొద్దున గట్టు మీద పిట్ట గొంతు వినిపించలేదు. అంతకంటే పెద్ద గొంతులు వినిపించాయి. తవిటమ్మా, ఆమెతో కలిసి ఉప్పుమడి చేసే మరిది పోలయ్యా ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"నా గడ్డి నాకు సెప్పకుండా ఎవులికి అమ్మీసినావురా?"

"నానెందుకు అమ్ముతాను వదినా! అమ్మితే డబ్బులు కనపడాల కదా. జేబు సూడు. కన్నమే ఉంది."

"జేబుకి కన్నముందనీసి నీ పెళ్లాం కొంగులో కట్టీసినావు. మీ అన్న విశాఖ పనికెల్తే ఇంటికాడ నాను గుడ్డిదాన్ననుకున్నావేటి? కుప్పకి పడమటి మొగం దేంతో కప్పుతావు? నీ లుంగీతోనా?"

"లుంగీతో కప్పితే నాను దేంతో కప్పుకోవాల?"

నేను వెనకనుంచి, "ఏమి జరిగింది?" అని అడిగాను. తవిటమ్మ కొడవలితో నా చీర పీలికలను చూపించింది. "ఎవుడో కొనీసి గుడ్డ కట్టీసినాడు మామ్మా. పాడుగాను, మంచి గడ్డంతా కలిపి కట్టీసినాడు."

అప్పుడు ఢిల్లేశ్వరరావు నా చెవిలో చెప్పాడు. ఉద్దానంలో జీడిచెట్టు మీద పంట అమ్మేస్తే, కొన్నవాడు ఆ చెట్టుకు గుడ్డ కడతాడు. ఇక ఆ పంట వాడిదే. "ఆ సెట్టు మీద ఇంకెవులూ సెయ్యి ఎయ్యరు మామ్మా. దొంగోడు కూడా పక్క సెట్టుకే ఎల్తాడు." తవిటమ్మ పుట్టిల్లు ఉద్దానమే. గుడ్డ కనబడితే ఆమెకు తోచే అర్థం అది ఒక్కటే.

దిష్టి గుడ్డలని రాసుకున్న వాక్యం కళ్ల ముందు కదిలింది.

"ఆ గుడ్డ కట్టింది నేనే" అన్నాను.

తవిటమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "మీరా! మీరు కొన్నారేటి? ఈడి కాడేనా?"

"కొనలేదు. అందులో పిట్ట గూడు ఉంది. పిల్లలున్నాయి. నీకు తెలియాలని కట్టాను."

పోలయ్యే ముందు తేరుకున్నాడు. "పిట్టలకి బట్టలెట్టీసినారు మామ్మగారు! బొట్టెట్టి, రెండరటిపళ్లు కూడా సేతిలో పెట్టకపోనారా?"

తవిటమ్మ నవ్వలేదు. "అయితే ఇప్పీండి."

"నీ గడ్డి, నీ తంపర. నువ్వే విప్పుకో."

"కట్టిన సెయ్యే ఇప్పాల. ఇంకోల్లు ఇప్పితే దొంగతనం."

విప్పుతాననవలసింది. నా వయసుకు, నేను పరాయి ఊరిలో అతిథినన్న మర్యాదకు అదే తగిన మాట. "పిల్లలు ఎగిరేదాకా విప్పను" అన్నాను.

"మామ్మా" అన్నది తవిటమ్మ, గొంతు పెంచకుండా, "మీ పిట్టకి రెక్కలున్నాయి. నా ఉప్పుకి లేవు."

నోటుపుస్తకం మూశాను. గూడు ఉన్న నాలుగు కాడలు మాత్రం వదిలితే చాలునా అని పోలయ్య అడిగాడు. చుట్టూ గుబురు పోతే నాలుగు కాడలు నిలబడవు, నిలబడినా కాకికి విందు అని చెప్పాను. తవిటమ్మ పడమర చూసింది. ఆకాశం తెల్లగా ఉంది.

"ఎన్నాల్లు?"

"ఈకలు విప్పుకోవాలి. మూడు రోజులు చాలనుకుంటున్నాను."

"మూడ్రోజులు పక్క గడ్డి కోసుకుంటాను. నాలుగోనాడు పొద్దున్న పిల్లలెగిరినా ఎగరకపోయినా ఇప్పాల. ఇంకోటి మామ్మా. గుడ్డ కట్టినోలే కాపలా కాయాల. గేదొచ్చి మేసీసినాదనీసి నా కాడకొచ్చి ఏడవకూడదు."

ఒప్పుకున్నాను. ఆ ఊరి కట్టుబాటును తెలియక వాడుకున్నదాన్ని, తెలిశాక మోయవద్దూ?

కాపలా

కాపలా అంటే గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చోవడమని నేను భావించాను. తవిటమ్మ సరిగ్గానే ఊహించింది, గేదెలు వచ్చాయి. వాటికి గుడ్డ కట్టుబాటు తెలియదు. గొడుగు మూసి అదిలించబోయి కాలు జారి, నడుము వరకు బురదలో కూర్చున్నాను. గేదె నా వైపు జాలిగా చూసి, మేత మానుకుని వెళ్లిపోయింది. కోత ఆపి తవిటమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ పొద్దున ఆమె నవ్వడం అదే మొదలు. తన క్యారేజీలోని అంబలి మూతలో పోసి నాకిచ్చింది. "తాగండి. కాపలాదారికి కూడు ఎట్టడం కూడా రివాజే" అన్నది.

కాపలా కాసేవారికి చూడటం తప్ప పని ఉండదు. ఆ మూడు రోజుల్లో చూసినంత, నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. తవిటమ్మ ముందు వారం కోసిన చోట జమ్ము మొదళ్లనుంచి అప్పుడే పచ్చని మొలకలు లేచాయి. ఆ కోసిన అంచుల్లోనే, నీరు తేటగా కనబడే చోటనే, పిట్ట పురుగులు ఏరుకుంటోంది. గూడుకు ముదురు జమ్ము కావాలి, మేతకు కోసిన జమ్ము కావాలి. అలాగని కొడవలిని పిట్టకు స్నేహితురాలని రాయను. నేను చూసింది ఒక గూడే. కలుపు అన్న మాట తప్పని మాత్రం నిస్సంకోచంగా రాశాను. తిరిగి వచ్చాక సభలో ఈ పుటలు చదివినప్పుడు ఆ వక్తగారు రాలేదు. రాలేదన్న సంగతిని సభా వివరాల్లో చేర్చాను.

రెండో రోజు సాయంత్రం మబ్బు కొండల మీదుగా దిగింది. టెక్కలిలో రత్నమణి వసారాలో కూర్చుని చినుకుల చప్పుడు విన్నాను. మా సీమలో వాన రావాలని మొక్కుకోని మనిషి లేడు. ఆగాలని మొక్కుకున్న మనిషిని నేను పుట్టి ఎరుగను. ఆ సాయంత్రం నేనే ఆ మనిషినయ్యాను.

"ప్రార్థన చేద్దామక్కా" అన్నది రత్నమణి. "ఉప్పు కోసమా, పిట్ట కోసమా? దేవుడికి సరిగ్గా సెప్పాల మరి."

"ఉప్పు కోసం" అన్నాను. నేను అలా అంటానని నాకే తెలియదు.

ఉప్పు కుప్ప

వాన ఎక్కువసేపు కురవలేదు. తెల్లవారి మొదట గూటి దగ్గరికి కాదు, కుప్ప దగ్గరికి వెళ్లాను. పక్క గడ్డి మూడు వైపులకే సరిపోయింది. జమ్ము పరిచిన ఆ మూడు వైపులా చెక్కుచెదరలేదు. పడమటి ముఖం మాత్రం మశూచి వచ్చిన చెంపలాగా గుంటలు పడి ఉంది. కింద మట్టి తడిసి, తెల్లగా, మెరుస్తోంది. తవిటమ్మ ఆ తడి మట్టిని కాలితో ఒకసారి తాకి, పడమర చూసింది. తిట్టినా బాగుండేది.

"నీటిలోంచొచ్చినాది, నీటిలోకి పోనాది" అని పోలయ్య తేలిక చేయబోయాడు. వదిన చూపుకు అతను కుప్ప అవతలికి జరిగాడు.

"తవిటమ్మా, గుడ్డ ఇప్పుడే విప్పేస్తాను. గడ్డి కోసుకో" అన్నాను. ఆ మాట అనడానికి నాకు రాత్రంతా పట్టింది.

"ఒద్దు."

"ఈ సాయంత్రం మళ్లీ వాన వస్తే?"

"వత్తే వత్తాది. మూడ్రోజులని సెప్పినాను. ఇయ్యాల మూడోది. మద్దిలో ఇప్పీసిన గుడ్డకి ఇలువేటుంటాది మామ్మా? రేపు మా పుట్టింటి సెట్టుకి గుడ్డ కడితే ఎవుడు బయపడతాడు? తవిటమ్మే తియ్యించీసినాది కదా అంటారు."

పిట్ట మీద దయతో ఆమె ఆ మాట అన్నదని నేను రాస్తే అబద్ధమవుతుంది. తన ఊరి మాట నిలబడాలని అన్నది. నాకు మిగిలింది ఒక్కటే పని. ఢిల్లేశ్వరరావును లేపి టెక్కలి పరిగెత్తించాను. రత్నమణి పెరట్లో ఎండి రాలిన కొబ్బరిమట్టలన్నీ, ఇరుగుపొరుగు పెరళ్లలోవి కూడా, ఆటోలో కుక్కాము. వెనుక మట్టలు రోడ్డు ఊడుస్తుండగా, ముందు నేను ఒక మట్ట కింద ముడుచుకుని కూర్చుని ఉండగా, "మామ్మా, ఆటో పెళ్లికి ఎల్తన్నట్టుంది" అని అతను సంబరపడ్డాడు. మట్టలు జమ్ముకు సాటి రావు, సందుల్లోంచి నీరు దిగుతుంది. అయినా తవిటమ్మ కాదనకుండా పడమటి ముఖానికి ఆనించింది. ఆ సాయంత్రం మబ్బు వచ్చి, ఉరిమి, కురవకుండా సముద్రం మీదికి వెళ్లిపోయింది. ఎవరి ప్రార్థన ఫలించిందో నేను నిర్ణయించలేను. అందరికీ కృతజ్ఞురాలిని.

విప్పిన పొద్దు

ముందు సాయంత్రమే రెండు పిల్లలు గూటి అంచు దిగి కాడలు పట్టుకుని పాకాయి. మూడోది గూటిలోనే ఉంది. నాలుగోనాటి పొద్దున నేను వెళ్లేసరికి తవిటమ్మ కొడవలితో గట్టు మీద కూర్చుని ఉంది. గుబురులోకి దిగలేదు. "మీరే సూసి రండి" అన్నది.

గూడు ఖాళీగా ఉంది. లోపల జమ్ము దూది మీద ఈక గొట్టాల పొట్టు మాత్రం రాలి ఉంది. తల్లి గొంతు పక్క గుబురులోంచి వినిపించింది, దానికి బదులుగా సన్నని మూడు గొంతులు. గుడ్డ ముడులు వానకు బిగిసిపోయి విప్పడానికి పళ్లు ఉపయోగించవలసి వచ్చింది. నాలుగూ విప్పి చేతిలో పట్టుకుని, "తీసుకో" అన్నాను.

ఆమె కోత చూస్తూ నిలబడ్డాను. కోపం వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. గూడు ఉన్న కాడలు కూడా తెగాయి. తవిటమ్మ గూటిని ఒకసారి తిప్పి చూసి, "మా మరిది తట్టకంటే బాగా అల్లినాది" అని, కాడలతో సహా మోపులోనే కట్టేసింది. అది కూడా కుప్ప మీదికే వెళ్లింది.

మోపు తలకెత్తుకోవడం ఒక్కరివల్ల కాదు. పోలయ్య దూరంగా ఉన్నాడు. "మామ్మా, ఒక సెయ్యి ఎయ్యండి" అన్నది. రెండు చేతులూ వేశాను. తడి జమ్ము అంత బరువుంటుందని ఎడమ పుటలో ఎక్కడా రాయలేదు నేను. మోపు ఆమె తల మీద కుదురుకున్న క్షణాన నా నడుము ఏదో అన్నది. అనంతపురంలో వైద్యుడు ఆ మాటను ఇంకా చదువుతున్నాడు. ఆమె గట్టు మీద ముందు నడిచింది, కొడవలి పట్టుకుని నేను వెనుక నడిచాను.

మట్టలు తీసి పడమటి ముఖమంతా జమ్ము పరిచారు. కింది వరుస నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి, పెంకుల్లాగా. చివరి కట్ట సర్ది పోలయ్య కిందికి దూకిన కాసేపటికి మబ్బు దిగింది. ఈసారి నిజమైన వాన. పక్కన ఉన్న తాటాకు పాకలో ఢిల్లేశ్వరరావుతో కలిపి నలుగురమూ ఒదిగి నిలబడి చూశాము. నీళ్లు జమ్ము మీద జారి మట్టిలో ఇంకుతున్నాయి. తవిటమ్మ ఒకసారి తడుస్తూ వెళ్లి, జమ్ము కిందికి చెయ్యి పెట్టి చూసి వచ్చింది. చెయ్యి తెరిచి చూపించింది. ఉప్పు పొడిగా ఉంది.

నాకు చెప్పవలసిన మాట చాలా ఉంది. క్షమాపణ ముందు చెప్పాలో, కృతజ్ఞత ముందు చెప్పాలో తేలక, "కొంచెం ఉప్పు ఇస్తావా? ఇంటికి తీసుకువెళతాను" అన్నాను.

"అదేటి మామ్మా, ఉప్పు సేతికివ్వకూడదు కదా. దెబ్బలాట వత్తాది." ఆ నమ్మకం మా ఊళ్లోనూ ఉంది, ఇంట్లోవారికైనా ఉప్పు కింద పెట్టే ఇస్తాము. ఆమె కింద పెట్టడానికి ఆకు కోసం అటూ ఇటూ చూసింది. అంతా తడి. నా వైపు చూసి, చుట్ట పక్కకు జరిపి నవ్వింది.

"అయినా మనకి దెబ్బలాట అయిపోనాది కదా. సెయ్యి పట్టండి."

చెయ్యి పట్టాను.